పద్దు పుస్తకంలో పన్ను

మా అమ్మకు పద్దు రాసే అలవాటు ఉండేది. నోటుబుక్కు పేజీని నిలువుగా మడిచి ఎడమ పక్క సరుకు, కుడి పక్క రూపాయలు రాసేది. నెలాఖరున కూడి, నిట్టూర్చి, మళ్ళీ కొత్త పేజీ మడిచేది. ఆ అలవాటు నాకూ అబ్బింది. డిగ్రీ చదివినా, పది కథలు అచ్చయినా, నేను రాసేవాటిలో మావారు శ్రద్ధగా చదివేది ఆ పద్దు పుస్తకం ఒక్కటే!

2025 దీపావళికి మా ఇంటికి, అంటే హిందూపురానికి, చుట్టాలు వచ్చారు. పెనుకొండ నుంచి చెల్లెలూ వాళ్ళాయనా, ధర్మవరం నుంచి చిన్నమ్మ. ఒకే రైలు పట్టా మీది మూడు ఊళ్ళు. పొద్దున బయల్దేరితే టిఫిన్ వేళకు ఒకరింట్లో ఒకరం ఉంటాం. కజ్జికాయలు చేస్తూ మాట్లాడుకుంటుంటే మాట ధరల మీదికి మళ్ళింది. చెల్లెలు ఉత్సాహంగా ఉంది. "ఈ యేడు మాకు భలే కలిసొచ్చిందక్కా. బడ్జెట్లో ఇన్‌కంటాక్సు పోయింది, ఇప్పుడు కారు ధర కూడా తగ్గింది" అంది. చిన్నమ్మ పిండి వత్తడం ఆపకుండానే, "మాకేం తగ్గిందో చెప్పు పాపా, నువ్వు లెక్కలు రాస్తావు గదా" అని నన్నడిగింది.

అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పండగ అయ్యాక మూడిళ్ళ లెక్కా వేసి చూశాను. ఆ లెక్కే మీ ముందు పెడుతున్నాను.

ముందు జరిగిందేమిటో క్లుప్తంగా చెప్పుకుందాం. 2025లో పన్నుల్లో రెండు పెద్ద మార్పులు వచ్చాయి. ఫిబ్రవరి 1న పెట్టిన కేంద్ర బడ్జెట్‌లో, కొత్త పద్ధతి కింద ఏడాదికి 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవారికి ఆదాయపు పన్ను లేకుండా చేశారు. జీతగాళ్ళకైతే స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12 లక్షల 75 వేల దాకా. ఆ తర్వాత సెప్టెంబర్ 22న, నవరాత్రులు మొదలైన రోజున, జీఎస్టీ కొత్త రేట్లు వచ్చాయి. 5, 12, 18, 28 అని నాలుగు మెట్లున్న చోట 12నీ 28నీ ఎత్తేసి, చాలా వస్తువులకు 5, 18 మాత్రమే మిగిల్చారు. కూల్ డ్రింకులకూ పెద్ద కార్లకూ 40 శాతం పెట్టారు. సబ్బు, షాంపూ, పేస్టు, తలనూనె, బిస్కెట్లు 18 నుంచి 5కు దిగాయి. నెయ్యి, వంట పాత్రలు, కుట్టుమిషన్లు 12 నుంచి 5కు వచ్చాయి. పిల్లల నోటుబుక్కులకూ పెన్సిళ్ళకూ అసలు పన్నే లేదు. ఇవన్నీ మంచివే. కాదనను. కుట్టుమిషన్ మీద ఒక్క రూపాయి తగ్గినా సంతోషించే ఆడవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది లేరు!

అయితే తగ్గింపు శాతం ఒక్కటే అయినా, ఒక్కో ఇంటికి ఒక్కోలా చేరుతుంది.

ముందు పెనుకొండ ఇల్లు. ఒకప్పుడు పెనుకొండ అంటే కోట, రాయలవారి వేసవి విడిది. ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీ. కియా కార్లు 2019లో ఇక్కడినుంచి బయటికి రావడం మొదలయ్యాక ఊరి రూపే మారిపోయింది. చెల్లెలి భర్త ఆ చుట్టుపక్కలే ఒక విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. పన్ను లెక్కకు తేలే ఆదాయం ఏడాదికి 12 లక్షలు. పాత లెక్కలో అయితే ఆయన 80 వేలు పన్ను కట్టాలి, సెస్సు కాక. ఇప్పుడు సున్నా. నెలకు ఆరువేల ఆరువందల పైచిలుకు ఇంట్లో మిగిలింది. ఇక కారు. చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. పన్ను కలపక ముందు 7 లక్షలుండే కారుకు అక్కడ మరో 70 వేలు తగ్గినట్టు. సొంతంగా తీసుకున్న ఆరోగ్య బీమా, జీవిత బీమా ప్రీమియంల మీద 18 శాతం ఉండేది, పూర్తిగా తీసేశారు. పాతిక వేల ప్రీమియానికి నాలుగున్నర వేలు ఆదా.

చెల్లెల్ని ఏమీ అనడానికి లేదు. నేను ఈ లెక్క చెప్పినప్పుడు అది ఉడుక్కుంది. "ఇన్నేండ్లు జీతం చేతికి రాకముందే కోసుకున్నారు గదక్కా. అప్పుడెవరూ అయ్యో అనలేదు. ఇప్పుడు తగ్గిస్తే మాత్రం అందరూ మా వైపే చూస్తారు" అంది. నిజమే. జీతగాడి ఆదాయం గాజు గిన్నెలోని నీళ్ళలాంటిది, అందరికీ కనబడుతుంది. వ్యాపారం చేసే వాళ్ళలో కొందరు ఎంత సంపాదిస్తారో, ఎంత చూపిస్తారో మనకు తెలియంది కాదు.

రెండోది మా ఇల్లు. మావారు ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. నెలకు నలభై అయిదు వేలు. బడ్జెట్ ప్రసంగం వచ్చిన రోజు టీవీ ముందు కూర్చుని మేమూ చప్పట్లు కొట్టాం. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఏడు లక్షల లోపు వాళ్ళకు కొత్త పద్ధతిలో అంతకు ముందే పన్ను లేదు. అంటే ఆ బడ్జెట్‌లో మాకు కొత్తగా వచ్చింది ఏమీ లేదు. లేని పన్ను తగ్గించారని మేం చప్పట్లు కొట్టామన్నమాట!

జీఎస్టీ దగ్గర మాత్రం మాకు కొంత కలిసొచ్చింది. పద్దు పుస్తకం తీసి ఆగస్టు పేజీ, నవంబర్ పేజీ పక్కపక్కన పెట్టి చూశాను. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. 18 నుంచి 5కు అంటే ధర 13 శాతం తగ్గాలనుకుంటాం. కాదు. 118 రూపాయల వస్తువు 105 అవుతుంది. అంటే తగ్గేది నూటికి 11. సబ్బులు, పేస్టు, తలనూనె, బిస్కెట్లు, పిల్లల తిండ్లు అన్నీ కలిపి మాకు నెలకు మూడు వేలవుతాయి. దానిమీద 330 రూపాయలు మిగలాలి. నవంబర్ పేజీలో లెక్క తీస్తే రెండువందల యాభై దగ్గర ఆగింది. మిగతా ఎనభై ఎటుపోయిందో కొంతవరకు తెలుసు. మా వీధిలో ఒక అంగడాయన "పాత స్టాకమ్మా" అంటూ పండగ దాటేదాకా పాత ధరకే ఇచ్చాడు. పాత స్టాకైనా కొత్త ధరకే అమ్మాలి గదా అని అడగడానికి మొదట మొహమాటపడ్డాను. మీరు పడకండి. బిల్లు అడగండి, వినకపోతే 1915కు ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

తగ్గనివీ కొన్ని ఉన్నాయి. మా పెద్దాడి కోచింగ్ ఫీజు మీద 18 శాతం అలాగే ఉంది. వంటగ్యాస్ మీద 5 అలాగే ఉంది. పెట్రోలు అసలు జీఎస్టీలోకే రాదు, దాని మీది పన్ను వేరు. మన రాష్ట్రం కన్నా కర్ణాటకలో పెట్రోలు చౌక. అందుకని హిందూపురం వాళ్ళు గౌరీబిదనూరు వైపు ఏ పని మీద వెళ్ళినా ట్యాంకు నింపుకునే వస్తారు. ఇక బియ్యం సంగతి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు లేబుల్ వేసిన సంచులకు 5 శాతం వేశారు. మిల్లర్లు ఊరుకుంటారా? 26 కిలోల సంచులు కుట్టారు. ఒకేసారి 26 కిలోల సంచి కొనగలిగినవాళ్ళకు పన్ను లేదు, డబ్బు చాలక అయిదు కిలోల ప్యాకెట్ కొనేవాళ్ళకు ఉంది. 2025 మార్పుల్లోనూ దీన్ని ముట్టుకోలేదు.

ఇక ధర్మవరం ఇల్లు. నాకు ఎక్కువ చెప్పాలనిపించేది ఈ ఇంటి గురించే.

చిన్నమ్మ వాళ్ళది గుంత మగ్గం. చిన్నాయన నేస్తాడు. చిన్నమ్మ కండెలు చుట్టడం, అచ్చులు అతకడం, ఇల్లు చూసుకోవడం. మూడు పనుల్లో దేనికీ వేరే కూలి లేదు. చుట్టుపక్కల చాలామంది సావుకారు దగ్గర పట్టు తెచ్చి కూలికి నేస్తున్నారు. చిన్నాయన మాత్రం పట్టుదల మనిషి. పట్టూ జరీ తానే కొని, నేసి, అంగడికి వేసొస్తాడు. ఒక వార్పుకు మూడు చీరలు. అన్నీ పోను నెలకు పన్నెండు పదమూడు వేలు మిగిలితే ఆ నెల బాగున్నట్టు.

వాళ్ళ ఇంట్లో సబ్బులు, పేస్టు, తలనూనె, బిస్కెట్లు నెలకు 600 దాటవు. దానిమీద 11 శాతం లెక్కన 66 రూపాయలు తగ్గాలి. కానీ చిన్నమ్మ షాంపూ సీసా కొనదు, రెండు రూపాయల ప్యాకెట్ కొంటుంది. కొత్త పన్ను ప్రకారం ఆ ప్యాకెట్ 1 రూపాయి 78 పైసలకు రావాలి. ఇరవై రెండు పైసలు ఎవరిస్తారు? పావలా బిళ్ళే 2011లో చెల్లకుండా పోయింది. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ సంగతీ అంతే. మొదట్లో నాలుగున్నర దగ్గర పైసల్లో ధరలు పెట్టి చూశారు. తర్వాత చాలా కంపెనీలు ధర అంతే ఉంచి లోపలి సరుకు కొంచెం పెంచాయి. మోసం అనలేం, ప్రభుత్వమూ ఒప్పుకుంది. కానీ ప్యాకెట్లో ఒక బిస్కెట్ ఎక్కువొస్తే పద్దులో ఏమని రాసుకోవాలి? సీసా కొనేవాళ్ళకు రూపాయి మిగిలింది, ప్యాకెట్ కొనేవాళ్ళకు చిటికెడు సరుకు మిగిలింది.

వాళ్ళింట్లో రెండు ఫోన్లున్నాయి. ఒకటి చిన్నాయనది, ఒకటి కాలేజీకి పోయే కొడుకుది. మూడొందల రూపాయల రీఛార్జిలో దగ్గర దగ్గర 46 రూపాయలు పన్నే. రెండు ఫోన్లకు 92. సబ్బుల మీద తగ్గిన 66 కన్నా ఇది ఎక్కువ. పెనుకొండలో చెల్లెలు రీఛార్జి చేయించుకున్నా అదే 46. ఆదాయపు పన్ను మనిషిని చూసి వేస్తారు, ఈ పన్ను మనిషిని చూడదు.

అసలు విషయం పట్టు దగ్గర ఉంది. పట్టునూలు మీద జీఎస్టీ 5 శాతం. ఒక వార్పుకు పట్టూ జరీ కలిపి పదిహేను వేలయిందనుకుందాం. 750 రూపాయలు పన్ను కట్టి తెచ్చుకోవాలి. పెద్ద వ్యాపారి అయితే, కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పుడు వసూలుచేసిన పన్నులోంచి తగ్గించుకుంటాడు. జీఎస్టీ కిటుకంతా అదే. కానీ చిన్నాయన లాంటి చిన్న నేతగాడికి రిజిస్ట్రేషన్ ఉండదు, అవసరం లేదని చట్టమే చెబుతుంది. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ 750 వెనక్కి రాదు. పోనీ చీర ధరలో కలుపుకుందామంటే, ధర చెప్పేది చిన్నాయన కాదు, అంగడి. అంగడాయన తాను అమ్మేటప్పుడు కొనేవాళ్ళ దగ్గర మళ్ళీ 5 శాతం తీసుకుంటాడు.

నెలకు 66 రూపాయలు తగ్గాయని మనం చెప్పే ఇంట్లో, నెలకు ఒక వార్పు అనుకుంటే, 750 రూపాయలు పోతున్నాయి. ఈ 750 ఏ ప్రసంగంలోనూ కనబడదు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చేదాకా చేనేత చీర మీద ఇలా అడుగడుగునా పన్ను లేదు. 2021 చివర్లో వస్త్రాల మీద 5ను 12 చేస్తామన్నారు. దేశమంతా గగ్గోలు పుట్టి, అమలుకు ఒక్క రోజు ముందు, డిసెంబర్ 31న వాయిదా వేశారు. ఆ సాయంత్రం ధర్మవరంలో చిన్నమ్మ ఫోన్ చేసి, పెరగనందుకు పండగ చేసుకున్నట్టు మాట్లాడింది. తగ్గినందుకు సంతోషించే రోజు వాళ్ళకు ఇంకా రాలేదు.

పైగా 2025 మార్పుల్లో ఇంకో సంగతి ఉంది. కృత్రిమ నూలు, అంటే పాలిస్టర్ లాంటివాటి మీద పన్ను 12 నుంచి 5కు తగ్గింది. పట్టునూలు 5 దగ్గరే ఉంది. ధర్మవరం బోర్డరును అచ్చంగా దించేసి మరమగ్గాల మీద వచ్చే నకిలీ చీరలతో మన నేతగాళ్ళు ఎంతకాలంగా మొత్తుకుంటున్నారో తెలుసు కదా. చేనేతకే కేటాయించిన రకాలను కాపాడాలని 1985లో చట్టం చేశారు. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపూ ఉంది. ఈ కాగితాలన్నీ ఉండగానే పోటీ నూలు చౌకైంది. మరమగ్గం నడిపేవాడికీ పెళ్ళాం బిడ్డలున్నారు, వాడి నూలు మీద పెంచమని నేను అడగను. చిన్నాయన నూలు మీద తీసేయమంటున్నాను, అంతే.

మగ్గం మీద పన్ను మనకు కొత్త కాదు. విజయనగర కాలపు శాసనాల్లో మగ్గం పన్ను కనబడుతుంది. పెళ్ళి మీద కూడా పన్ను ఉండేదట! కృష్ణదేవరాయల కాలంలో దాన్ని తీసేశారని చదివాను. పెళ్ళి పన్ను తీసేసిన రాజును అయిదువందల ఏళ్ళయినా తలుచుకుంటున్నాం.

ఆడవాళ్ళ విషయంలో పన్నులు వేసేవాళ్ళ ఆలోచన ఎప్పుడూ కొంచెం చిత్రంగానే ఉంటుంది. జీఎస్టీ వచ్చిన రోజునుంచే కుంకుమకూ బొట్టుబిళ్ళలకూ గాజులకూ పన్ను లేదు. శానిటరీ నాప్కిన్లకు మాత్రం 12 శాతం వేశారు. ఏడాది పాటు ఆడపిల్లలూ సంఘాలూ అడిగితే 2018 జూలైలో తీసేశారు. బంగారం మీద 3 శాతం, పట్టుచీర మీద 5. పెళ్ళికి లక్ష రూపాయల నగ కొంటే మూడువేలు, లక్ష రూపాయల చీరలు కొంటే అయిదువేలు. నగ లాకర్లో ఉంటుంది, చీర వెనక మగ్గం గుంతలో ఒక మనిషి ఉంటాడు. ఇద్దరిలో ఎవరి మీద తక్కువ వేయాలో నాలాంటి ఇల్లాలికే తెలుస్తోంది.

ఆదాయపు పన్నులో ఒకప్పుడు ఆడవాళ్ళకు మినహాయింపు కొంచెం ఎక్కువ ఉండేది. 2011-12 దాకా ఉండి, తర్వాత పోయింది. భార్యాభర్తలు కావాలంటే ఇద్దరి ఆదాయం కలిపి ఒకే లెక్క చూపుకునే వీలు ఇవ్వాలని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ సూచించింది. ఒక్కరే సంపాదించే ఇళ్ళకు దీనివల్ల పన్ను తగ్గవచ్చు. ఇల్లాలి పేరు పన్ను కాగితం మీద ఎక్కుతుందంటే నాకూ ఆశగానే ఉంది. కానీ మళ్ళీ అదే ప్రశ్న. దానివల్ల మా చెల్లెలి ఇంటికి ఎప్పుడైనా లాభం ఉండొచ్చు. నాకు లేదు, చిన్నమ్మకు అసలే లేదు.

మా ఇంటికి పనికొచ్చే ఆమెకు ఈ లెక్కలన్నీ చెబుతుంటే నవ్వింది. "అన్నీ రాస్తివి గానీ అక్కా, మా ఆయప్ప రోజూ కట్టే పన్ను రాయలే" అంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన కొత్త మద్యం విధానంలో 99 రూపాయలకే క్వార్టర్ సీసా వస్తుందని గొప్పగా చెప్పారు. మద్యం జీఎస్టీలో లేదు, ఆ రాబడి రాష్ట్రానిది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా తెచ్చారు. రెండేళ్ళకే దాన్ని సడలించినప్పుడు చెప్పిన కారణాల్లో ఖజానా ఒకటి. ఆమె ఇంట్లో నెలంతా సబ్బు మీద మిగిలేది ఒక్క సీసా ధరకు కూడా చాలదు. పన్నుల సంస్కరణ అంటూ ఎన్ని కమిటీలు కూర్చున్నా ఈ పన్ను జోలికి పోవు.

ఇంత చెప్పి, జరిగిందంతా దండగ అనడం నా ఉద్దేశం కాదు. తగ్గింపులు తగ్గింపులే. కానీ ప్రభుత్వం చెప్పిన రెండు అంకెలు చూడండి. ఆదాయపు పన్ను తగ్గించడంవల్ల వదులుకున్నది దాదాపు లక్ష కోట్లన్నారు. జీఎస్టీ తగ్గించడంవల్ల దాదాపు 48 వేల కోట్లన్నారు. మొదటిది ఆదాయపు పన్ను కట్టే ఇళ్ళకు మాత్రమే. రెండోది దేశంలో ఉన్న అందరికీ. ఆ అందరిలో మళ్ళీ పెద్ద కొనుగోళ్ళు చేసేవాళ్ళ వాటా ఎక్కువ. కారు కొన్న ఒక్క ఇంట్లో తగ్గిన 70 వేలు, చిన్నమ్మ సబ్బుల లెక్కలో 88 ఏళ్ళ పొదుపు!

2025 ఆగస్టు 7న, చేనేత దినోత్సవం నాడు, చేనేత వస్త్రాల మీద జీఎస్టీ భారాన్ని తామే భరిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మంచి మాట. అయితే అది అంగడి బిల్లు దగ్గర ఆగిపోకూడదు. చిన్నాయన లాంటి రిజిస్ట్రేషన్ లేని నేతగాడు నూలు కొన్నప్పుడు కట్టిన పన్ను, చేనేత గుర్తింపు కార్డు మీద, నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలి. గ్యాస్ సబ్సిడీ వేయడం చేతనైన వాళ్ళకు ఇది చేతకాని పనేమీ కాదు. ఢిల్లీ వాళ్ళు పట్టునూలును, అయిదు కిలోల బియ్యం ప్యాకెట్‌ను సున్నా గడిలోకి మార్చాలి. ఏ తగ్గింపు ప్రకటించినా, దానివల్ల నెలకు పన్నెండు వేల ఇంటికి ఎంత, నలభై వేల ఇంటికి ఎంత, లక్ష ఇంటికి ఎంత అని బడ్జెట్ కాగితాల్లోనే ఒక పట్టిక వేయాలి. నేను పద్దు పుస్తకంలో వేసిన లెక్క ఆర్థికశాఖ వేయలేదా?

ఇది రాయడానికి ముందు మళ్ళీ ధర్మవరం వెళ్ళొచ్చాను. చిన్నమ్మ పెట్టె అడుగునుంచి పట్టు కొన్న బిల్లు తీసి నా చేతిలో పెట్టింది. కింద సీజీఎస్టీ 2.5 శాతం, 375 రూపాయలు. దాని కింద ఎస్‌జీఎస్టీ 2.5 శాతం, 375 రూపాయలు.

"ఇవి రెండుసార్లు ఏమిటికి రాసినారు?" అని అడిగింది.

"ఒకటి ఢిల్లీకి పోతుంది చిన్నమ్మా, ఇంకోటి మన రాష్ట్రానికి" అన్నాను.

చిన్నమ్మ కండె చేతిలోకి తీసుకుని, "అయితే ఇద్దరికీ రాయి" అంది.